కెర్నెల్‌లో నిల్వ విభాగము: ఒక పునర్నిర్మాణ చరిత్ర

ఉపాధ్యాయులొకరు ప్రశ్నపత్రమును కంప్యూటరుపై సిద్ధము చేసి, దానిని భద్రపరచు మీటను నొక్కుదురు. రెప్పపాటులో పని ముగిసినట్లు తోచును. మరునాడు తెరచి చూచినచో ప్రశ్నలన్నియు వ్రాసినవి వ్రాసినట్లే యుండును. ఇది మనకు సహజముగా కనబడును. కాని ఆ అక్షరములు డిస్కును చేరులోపల అనేకమైన అంచెలు దాటవలసి యున్నది. ఆ అంచెలలో ఒకదానిని లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2001వ సంవత్సరమున ఒకసారి, 2013లో మరియొకసారి పునాదుల నుండి మార్చి కట్టిరి.

అది చెడిపోయినందున మార్చలేదు. మార్చునాటికి అది చక్కగా పనిచేయుచునే యుండెను. ఐనను ఎందుకు మార్చవలసి వచ్చెను? మార్చుచున్నప్పుడు దానిని నమ్ముకొన్న సమాచారమును ఎట్లు కాపాడిరి? ఒకసారి ఎందుకు కాపాడలేకపోయిరి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమే ఈ చరిత్ర. ఆండ్రాయిడ్ ఫోనులన్నియు లినక్స్ కెర్నెల్ మీదనే నడచుచున్నవి గనుక ఇది మన జేబులోని వస్తువునకును సంబంధించినదే.

కెర్నెల్, బ్లాకు అనగా నేమి?

కెర్నెల్ అను ఇంగ్లీషు మాటకు గింజలోని పప్పు అని అర్థము. ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైకి కనబడు తెర, బొమ్మలు, మీటలు అన్నియు పెంకు వంటివి. లోపల నుండి ప్రాసెసరును, జ్ఞాపకమును, డిస్కును ప్రోగ్రాములకు పంచి యిచ్చు భాగమే కెర్నెల్.

డిస్కు ఒక్కొక్క అక్షరమును విడివిడిగా వ్రాసికొనదు. ధాన్యమును గోదాములో గింజల లెక్కన గాక బస్తాల లెక్కన దించినట్లు, అది సమాచారమును సమానమైన ముక్కలుగా మాత్రమే పుచ్చుకొనును, ఇచ్చును. ఈ ముక్కకే బ్లాకు అని పేరు. చాలకాలము దాని పరిమాణము 512 బైట్లుగా నుండెను. తరువాత 4,096 బైట్ల బ్లాకులు వాడుకలోనికి వచ్చినవి. ఒక్క అక్షరమును దిద్దవలసినను బ్లాకునంతను చదివి, అందులో ఆ అక్షరమును మార్చి, తిరిగి బ్లాకునంతను వ్రాయవలెను.

ఏ ఫైలు ఏ బ్లాకులలో నున్నదో తెలిసినది ఫైలు వ్యవస్థ. డిస్కు భాష తెలిసినది డ్రైవరు. ఈ రెండింటి నడుమ నుండి, పైనుండి వచ్చు కోరికలను ప్రోగుచేసి, వరుసపెట్టి, క్రిందికి అందించునది బ్లాకు విభాగము. మన కథ దీనిని గురించియే.

తిరుగు పళ్ళెముల కాలము

1956లో ఐ.బి.ఎం. సంస్థ ర్యామాక్ అను యంత్రముతో పాటు తిరుగు డిస్కును ప్రవేశపెట్టెను. 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 మారులు తిరుగుచుండెడివి. అన్నియు కలిసి నిల్వచేసినది 50 లక్షల అక్షరములు. కోరిన చోటికి చేయి చేరుటకు సగటున సెకండులో పదింట ఆరు వంతులు, అనగా 0.6 సెకండు పట్టెడిది.

తరువాతి యాభై యేండ్లలో పళ్ళెములు చిన్నవైనవి, వేగము హెచ్చినది. ఐనను పద్ధతి మారలేదు. నిమిషమునకు 7,200 మారులు తిరుగు డిస్కును తీసికొందము. అది సెకండునకు 120 చుట్లు తిరుగును. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. కోరిన బ్లాకు తలక్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకండ్లు ఆగవలెను. చేయి జరుగుటకు ఇంకొక 8 మిల్లీసెకండ్లు అనుకొన్నచో మొత్తము 12. అనగా ఆ డిస్కు చెదరియున్న బ్లాకులను సెకండునకు సుమారు 80 మాత్రమే అందింపగలదు. అదే 12 మిల్లీసెకండ్లలో, సెకండునకు 100 కోట్ల అడుగులు వేయు ప్రాసెసరు 1 కోటి 20 లక్షల అడుగులు వేయును.

ఈ అంతరమును విద్యార్థులు మనస్సున నుంచుకొనవలెను. దీనినిబట్టియే బ్లాకు విభాగమును వ్రాసినవారి నీతి యేర్పడినది: ప్రాసెసరు శ్రమ ఎంత ఖర్చైనను ఫరవాలేదు, డిస్కు చేయి మాత్రము వృథాగా కదలరాదు.

మొదటి ఉపాయము, చదివిన బ్లాకును జ్ఞాపకములో దాచుకొనుట. బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో ఆరంభించిన యూనిక్స్‌లో ఈ ఏర్పాటు కలదు. 1975లో వెలువడిన దాని ఆరవ కూర్పులో 512 బైట్ల బఫరులు 15 మాత్రమే యుండెను. ఆ పదునైదింటితోనే పెక్కుమంది వాడుకరుల పని సాగెడిది.

రెండవ ఉపాయము, కోరికలను వచ్చిన క్రమమున గాక దారి క్రమమున తీర్చుట. డిస్కు చేయి 0వ చోట నున్నదనుకొనుడు. వరుసగా 90, 10, 80, 20 అను చోట్ల బ్లాకులు కావలెనని కోరికలు వచ్చినవి. వచ్చిన క్రమములో వెళ్ళినచో చేయి 90, 80, 70, 60 చొప్పున మొత్తము 300 గళ్ళు నడచును. వానిని 10, 20, 80, 90 అని పేర్చుకొన్నచో 90 గళ్ళతో పని ముగియును. మేడపైకి పోవు లిఫ్టు, మీటలు నొక్కిన క్రమమును పాటింపక దారిలోని అంతస్తులన్నిటను ఆగుచు పోవునట్లు, డిస్కు చేయియు ఒక దిక్కుగా సాగుచు దారిలోని పనులు చక్కబెట్టుకొనును. 1967లో పీటర్ డెన్నింగ్ ఇట్టి పద్ధతులను గణితముతో పరిశీలించి ప్రకటించెను. దీనికి లిఫ్టు పద్ధతి యనియే పేరు వచ్చినది.

మొదటి పునర్నిర్మాణము

1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వ్రాసి అందరికి పంచెను. అది పుట్టినది ఒకే ప్రాసెసరు, ఒకటి రెండు డిస్కులుగల చిన్న కంప్యూటరు కొరకు. పది సంవత్సరములు గడచునప్పటికి అది అనేక ప్రాసెసర్లు, పదులకొలది డిస్కులుగల పెద్ద యంత్రములలోనికి ప్రవేశించెను. 2001 జనవరిలో వెలువడిన 2.4వ కూర్పులో ఈ పెరుగుదల వలన మూడు చిక్కులు స్పష్టమైనవి.

ఒకటి, బ్లాకు విభాగమున కంతకును ఒకే తాళము. ఇద్దరు ఒకేసారి వరుసను దిద్దినచో వరుస చెడును గనుక, దిద్దువారు ముందుగా తాళమును చేజిక్కించుకొనవలెను. తక్కినవారు అంతవరకు ఆగవలెను. పాఠశాలలో పది బీరువాలున్నను తాళపుచెవి ఒక్కటే యైనచో ఎట్లుండునో ఊహింపుడు. ఒక డిస్కుతో పనియున్నవాడు, సంబంధములేని మరియొక డిస్కు కొరకు నిరీక్షింపవలసి వచ్చెను.

రెండు, ముక్కల బెడద. ఆనాడు కోరికను వర్ణించుటకు బఫర్ హెడ్ అను చీటీని వాడుచుండిరి. ఒక చీటీలో 4 కిలోబైట్లకు మించి పట్టదు. 128 కిలోబైట్ల ఫైలు భాగమును చదువుటకు 32 చీటీలు వ్రాసి, క్రిందికి పంపి, అక్కడ అవన్నియు పక్కపక్కనే యున్నవని గుర్తించి మరల ఒకటిగా కుట్టవలెను. అనగా ముందు చించుట, తరువాత అతుకుట.

మూడు, 32 బిట్ల యంత్రములలో సుమారు 900 మెగాబైట్లకు పైనున్న జ్ఞాపకములోని సమాచారమును ముందు క్రింది భాగమునకు నకలు తీసి, అటుపిమ్మట డిస్కునకు పంపవలసి వచ్చెను.

డెన్మార్కునకు చెందిన యెన్స్ ఆక్స్‌బో ఈ విభాగమును మార్చుటకు పూనుకొనెను. 2001 డిసెంబరులో, అభివృద్ధి కొరకు వేరుచేసిన 2.5 కూర్పుల ఆరంభముననే, అతని మార్పులు కెర్నెల్‌లో చేరినవి. బఫర్ హెడ్‌కు బదులుగా బయో అను కొత్త చీటీ వచ్చినది. "జ్ఞాపకములో ఫలానా పుట, ఫలానా చోటు నుండి, ఇన్ని బైట్లు" అను పంక్తుల పట్టిక ఇది. పెద్ద కోరికనైనను చించకుండ ఒక్క చీటీలో వ్రాయవచ్చును. జ్ఞాపకపు పుట ఎక్కడ నున్నను సూచింపవచ్చును. ఉమ్మడి తాళము పోయి, ప్రతి వరుసకు దాని తాళము దానికి వచ్చినది. ఈ నిర్మాణముతో 2.6వ కూర్పు 2003 డిసెంబరులో వెలువడెను.

ఐతే ఒక సంగతి మాత్రము మారలేదు. ఒక డిస్కునకు ఒకే వరుస. డిస్కు నిదానముగా నుండునను నమ్మకము పునాదిలో అట్లే నిలిచియుండెను. ఆనాటికి ఆ నమ్మకము నిజమే గనుక దానిని ఎవరును తప్పుపట్టలేదు.

క్రిందనున్న వస్తువు మారినది

తరువాతి దశాబ్దమున ఫ్లాష్ చిప్పులతో చేసిన నిల్వ పరికరములు విరివిగా వచ్చినవి. వీనిలో తిరుగు పళ్ళెము లేదు, కదలు చేయి లేదు. ఏ మూలనున్న బ్లాకైనను ఒకే తీరున అందును. 12 మిల్లీసెకండ్ల పని అందులో నూరవ వంతు కాలములో ముగియసాగెను. పైగా ఒకే పరికరములో అనేక చిప్పులు ఏకకాలమున పనిచేయును గనుక, సెకండునకు 80 కాదు, లక్షలకొలది కోరికలు తీరసాగినవి.

పరికరముతో మాట్లాడు పద్ధతియు మారినది. పాత పద్ధతియైన ఏ.హెచ్.సి.ఐ.లో ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలు. 2011 మార్చిలో ప్రకటించిన ఎన్.వి.ఎం.ఇ. పద్ధతిలో 65,535 వరుసల వరకు, ఒక్కొక్క వరుసలో 65,536 ఆజ్ఞల వరకు ఉండవచ్చును. అదే కాలమున ప్రాసెసరులో కోర్ల సంఖ్యయు పెరిగెను.

ఇప్పుడు లెక్క తలక్రిందులైనది. సెకండునకు 10 లక్షల కోరికలు తీర్పవలెనన్నచో ఒక్కొక్కదానికి లభించు కాలము మైక్రోసెకండు మాత్రమే. పరికరము సిద్ధముగా నున్నది, కోర్లు సిద్ధముగా నున్నవి. నడుమ వరుస ఒక్కటే, దాని తాళము ఒక్కటే. ప్రతి కోర్‌కు తనదైన చిన్న దగ్గరి జ్ఞాపకము కలదు. ఒక కోర్ తాళమును తాకగానే తక్కిన కోర్ల దగ్గరనున్న తాళపు ప్రతులు చెల్లకపోవును. అవి మరల కొత్త ప్రతిని తెప్పించుకొనవలెను. కావున కోర్లు పెరిగినకొలది పని పెరుగుటకు మారు, తాళము కొరకు పెనుగులాట పెరిగెను. డిస్కు చేయిని కాపాడుటకు పుట్టిన వరుస, చేయి లేని పరికరమునకు సంకెల యైనది.

ఈ సంగతిని కొలిచి చూపినవారు మాటియాస్ బ్యోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో, డేవిడ్ నెలన్స్, ఫిలిప్ బొనే అను నలుగురు. 2013లో ఇజ్రాయెల్ దేశపు హైఫా నగరమున జరిగిన సిస్టార్ సమావేశములో వారి పత్రము వెలువడెను. సెకండునకు వేలకొలది కోరికల కొరకు కట్టిన విభాగమే ఇప్పుడు అడ్డంకి యైనదని, కోట్లకొలది కోరికలను మోయగల నిర్మాణము సాధ్యమని అందు చూపిరి. మొదటి పునర్నిర్మాణము చేసిన ఆక్స్‌బో, తాను కట్టినదానిని తానే విప్పుటకు సిద్ధపడుట గమనింపదగినది.

బహువరుసల ఏర్పాటు

కొత్త నిర్మాణములో రెండంతస్తులు కలవు. పై అంతస్తులో ప్రతి కోర్‌కు తన సొంత వరుస. కోర్ తన కోరికను తన వరుసలోనే వేసికొనును గనుక పొరుగువానితో తగవు లేదు. క్రింది అంతస్తులో పరికరము ఎన్ని వరుసలకు వీలిచ్చునో అన్ని వరుసలు. పరికరము పాతదై ఒకే వరుస గలదైనను ఇబ్బంది లేదు. పైవరుసలన్నియు ఆ ఒక్కదానిలోనికే చేరును.

ఇంకొక మార్పు గుర్తుల విషయమున జరిగెను. బ్యాంకులో సొమ్ము తీసికొనువానికి అంకె వేసిన ఇత్తడి బిళ్ళనిచ్చి, ఆ అంకెను పిలిచి సొమ్ము చెల్లించెడివారు. అట్లే ప్రతి కోరికకు ముందుగానే సిద్ధముచేసిన అంకెల బిళ్ళ నొకదానిని ఇత్తురు. పరికరము పని ముగించి ఆ అంకెను చెప్పగానే ఏ కోరిక తీరినదో వెదకకుండ తెలియును. బిళ్ళలు అయిపోయినచో కొత్త కోరిక ఆగును. పరికరముపై మితిమీరిన బరువు పడదు.

ఐదేండ్లు రెండు దారులు

కొత్త విభాగము 2014 జనవరిలో వెలువడిన 3.13వ కూర్పులో చేరెను. కాని పాతదానిని ఆనాడే తీసివేయలేదు. దానిపై ఆధారపడిన డ్రైవర్లు అనేకము లుండెను. వంతెనను మార్చువారు పాతదానిపై బండ్లు నడుచుచుండగనే ప్రక్కన కొత్తది కట్టుదురు గదా! ఇక్కడను రెండు దారులు ప్రక్కప్రక్కన నడచినవి. డ్రైవర్లు ఒక్కొక్కటిగా కొత్త దారికి మారినవి. సామాన్య డిస్కులన్నిటికి మార్గమైన స్కజీ విభాగమునకు, క్రిస్టోఫ్ హెల్విగ్ చేసిన కృషితో, 2014 అక్టోబరులో కొత్త దారి లభించెను. ఐతే ఇష్టమున్నవారు మాత్రమే ఎంచుకొనునట్లుగా. 2015 ఆరంభమున ఎన్.వి.ఎం.ఇ. డ్రైవరు మారెను.

తొందరపడకుండుటకు మంచి కారణము కలదు. కొత్త దారిలో మొదట లిఫ్టు పద్ధతి లేదు. ఫ్లాష్ పరికరమునకు అది అక్కరలేదు. కాని లోకములో తిరుగు డిస్కులు ఇంకను ఉన్నవి. వానికి ఆ పద్ధతి లేకున్న నష్టమే. 2017లో వెలువడిన 4.11, 4.12 కూర్పులలో కొత్త దారికి తగిన క్రమపద్ధతులను చేర్చిరి. ఆ సంవత్సరమే స్కజీ డిస్కులన్నిటికి కొత్త దారినే మామూలు దారిగా చేయబూనిరి. పరీక్షలలో కొన్ని లోపములు బయటపడగా, విడుదలకు ముందే ఆ నిర్ణయమును ఉపసంహరించిరి. తిరిగి 2018 అక్టోబరులో, 4.19వ కూర్పుతో, అది మామూలు దారి యయ్యెను.

ఒక పొరపాటు

ఆ 4.19తోనే ఆపద వచ్చెను. 2018 నవంబరులో కొందరు వాడుకరులు తమ ఫైళ్ళు చెడిపోవుచున్నవని తెలిపిరి. ఎక్స్‌ట్ 4 అను ఫైలు వ్యవస్థ, తాను చదివిన సమాచారము తప్పుగా నున్నదని మొరపెట్టుచుండెను. అందుచేత సందేహము మొదట దానిమీదికే పోయెను. ఎంత వెదకినను అందులో దోషము కనబడలేదు. వాడుకరులును, నిపుణులును కెర్నెల్ కూర్పులను మార్చి మార్చి పరీక్షింపగా, వేలు చివరకు బ్లాకు విభాగమువైపు తిరిగెను.

జరిగిన దిది. వేగము కొరకు, వరుస ఖాళీగా నున్నప్పుడు కోరికను వరుసలో వేయకుండ తిన్నగా పరికరమునకే ఇచ్చునట్లు 4.19లో ఏర్పాటుచేసిరి. పరికరము "ఇప్పుడు తీరిక లేదు" అన్నచో ఆ కోరిక వెనుకకు వచ్చి మామూలు వరుసలో నిలుచును. ఐతే వెనుకకు వచ్చులోపలనే స్కజీ విభాగము దానికి సరకుల జాబితా వ్రాసి యుంచెను. వరుసలో నున్నప్పుడు ప్రక్క బ్లాకుల కోరిక యొకటి వచ్చి దానితో కలిసినది. కోరిక పెద్దదైనది, జాబితా మాత్రము పాతదే. రెండు బస్తాలకు చీటీ వ్రాసిన బండిపై మూడవ బస్తాను ఎక్కించినట్లాయెను. గోదాము గుమాస్తా చీటీ చూచి రెండే దించుకొని, పని ముగిసినదని సంతకము పెట్టెను. అనగా కోరికలో మొదటి భాగమే చదువబడెను లేక వ్రాయబడెను, తక్కినది మిగిలిపోయెను.

కారణము తెలిసిన పిదప చికిత్స చిన్నదే. అట్లు తిరిగివచ్చిన కోరికను, వేరొకదానితో కలుపుటకు వీలులేని జాబితాలో నుంచవలెను. ఆక్స్‌బో చేసిన సవరణ 2018 డిసెంబరులో విడుదలయ్యెను.

ఈ సంఘటనలో మనము గమనింపవలసినది రెండు సంగతులు. కోరికను తిన్నగా పంపుట తప్పు కాదు. కోరికలను కలుపుటయు తప్పు కాదు. రెండును మంచి పనులే. "జాబితా వ్రాసిన తరువాత కలుపరాదు" అను నియమము ఆ రెండింటి నడుమ నిలిచియుండవలెను. కొత్త ఏర్పాటులో అది జారిపోయెను. రెండవది, దోషము ఒకచోట నుండగా దాని గుర్తు మరియొకచోట బయటపడెను. మొరపెట్టిన ఫైలు వ్యవస్థ నేరస్థుడు కాదు, సాక్షి. ప్రయోగశాలలో తప్పు కొలత వచ్చినప్పుడు, దానిని చూపిన పరికరమునే మొదట నిందింపరాదని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

2019 మార్చిలో వెలువడిన 5.0వ కూర్పులో పాత దారిని పూర్తిగా తొలగించిరి. 2001 నుండి 2019 వరకు, పదునెనిమిది సంవత్సరములలో బ్లాకు విభాగము ఈ విధముగా రెండు జన్మలెత్తినది.

చక్కగా పనిచేయుచున్నదానిని ఎందుకు మార్చవలెనని మొదట అడిగితిమి. ఏ యంత్రాంగమైనను అది పుట్టిననాటి పరిస్థితులను లెక్కలోనికి తీసికొని కట్టబడును. ఒకే వరుస, ఒకే తాళము, లిఫ్టు పద్ధతి, ఇవన్నియు సెకండునకు 80 బ్లాకులు ఇచ్చు పళ్ళెమునకు సరియైన జవాబులే. ప్రశ్న మారగా జవాబు మారవలసి వచ్చెను. ఐనను పాత ప్రశ్న ఉన్నచోట పాత జవాబు చెల్లుచునే యున్నది: తిరుగు డిస్కులను వాడు యంత్రములలో లిఫ్టు పద్ధతి, కొత్త విభాగము లోపలనే, నేటికిని పనిచేయుచున్నది. మారరాని దొక్కటే. ఉపాధ్యాయులు భద్రపరచిన ప్రశ్నపత్రము మరునాడు ఒక్క అక్షరము పోకుండ వారి చేతికి తిరిగి రావలెను. రెండు నిర్మాణములను, ఆ పొరపాటును, దాని సవరణను ఈ ఒక్క కొలతతోనే తూచి చూడవలెను.